ముందు శనివారం పని ఆపించండి: సెప్టిక్ ట్యాంకు, బావి, బోరు ఎవరితో, ఏ వరుసలో చేయించాలి

మిగతాది తర్వాత చదవొచ్చు. ముందు నాన్నగారికి ఫోన్ చేసి, సెప్టిక్ ట్యాంకులోకి దిగడానికి శనివారం రమ్మన్న ఆ ఇద్దరినీ వద్దని చెప్పించండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోతే పోనివ్వండి, దాని గురించి గొడవ వద్దు.

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఇల్లు, 2004లో కట్టారు, అమ్మా నాన్నా ఇద్దరే ఉంటున్నారు, మీరు హైదరాబాద్‌లో. సెప్టిక్ ట్యాంకు కట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా తీయించలేదు, ఈ వానలకి బాత్‌రూమ్‌లో నీళ్లు దిగడం లేదు. పెరట్లో పాత వరల బావి ఉంది, వాడకానికి ఆ నీళ్లే, రెండు నెలల నుంచి అదోరకం వాసన. బోరు వేసే అతను వచ్చి చూసి, బావి పూడ్చేసి బోరు వేయించుకోండి అన్నాడు. ఊళ్లో ఇంకెవరో ఇద్దరు, ట్యాంకులోకి దిగి బకెట్లతో తోడేస్తాం, ట్యాంకర్‌కి ఇచ్చే డబ్బులో సగం ఇవ్వండి చాలు అన్నారు. వీళ్లలో ఎవరిని పెట్టుకోవాలి, ఎంతవుతుంది, దూరంగా ఉండి మోసపోకుండా ఎలా చేయించుకోవాలి, ఇదీ మీ ప్రశ్న.

నేను గుంటూరు, తెనాలి, పొన్నూరు చుట్టుపక్కల ఇళ్లు కట్టించే పనిలో 26 ఏళ్లుగా ఉన్నాను. ట్యాంకులు కట్టించాను, తీయించాను, వేరేవాళ్లు కట్టినవి పగలగొట్టించి మళ్లీ కట్టించాను. ఈ మూడు పనులకీ ముగ్గురు వేరువేరు మనుషులు వస్తారు, ఎవరి పని వాళ్లు చేసి డబ్బు పుచ్చుకుని పోతారు. ట్యాంకరు అతనికి మీ బావి పట్టదు, బోరు అతనికి మీ ట్యాంకు పట్టదు. కానీ పెరట్లో నేల ఒక్కటే, కింద నీళ్లూ ఒక్కటే. బావి నీళ్లు వాసనొస్తున్నాయని బోరు వేస్తే, ఆ వాసన ట్యాంకు వల్లే అయితే, రేపు బోరులోనూ అదే వస్తుంది, అంత డబ్బు తగలేశాక. అందుకని ముందు ట్యాంకు, తర్వాత బావి, బోరు సంగతి చివర్న, అదీ అవసరమైతేనే.

ఇక ఆ ఇద్దరి గురించి. ట్యాంకులోకి మనిషి దిగకూడదు. ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, మందు కొట్టి ధైర్యంగా దిగేవాడైనా సరే (చాలామంది ఆ వాసన భరించలేక తాగే దిగుతారు, అది ఇంకా ప్రమాదం). ఇన్నేళ్లు మూత తీయని ట్యాంకులో మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు పుడుతుంది. మురిగిపోయిన కోడిగుడ్డు వాసన దానిదే. అది గాలికన్నా బరువు కాబట్టి అడుగునే కూర్చుంటుంది, మడ్డిని కదిపినప్పుడల్లా బుడగలు బుడగలుగా తన్నుకొస్తుంది. దీని దొంగదెబ్బ ఏమిటంటే, కొంచెం ఉన్నప్పుడు ముక్కు పగిలిపోయే వాసన కొడుతుంది, మోతాదు పెరిగి 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) చుట్టుపక్కలకి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోయి ఏ వాసనా తెలియదు. "ఇందాకటి మీద వాసన తగ్గిందిరా, దిగొచ్చు" అనేది సరిగ్గా అప్పుడే. ఇంకొన్ని వందల పీపీఎం పెరిగితే నిమిషాల్లోనే మనిషి కుప్పకూలతాడు, బాగా ఎక్కువుంటే రెండు మూడు శ్వాసలకే. పైగా మీథేన్ కూడా ఉంటుంది, అది అంటుకునే గ్యాసు, మూత తీసిన దగ్గర బీడీ వెలిగించినవాళ్లని నేను కళ్లారా చూసి అరిచాను.

పేపర్లో ఈ వార్తలు మీరూ చదివే ఉంటారు. చాలాసార్లు ఒక్కడితో ఆగదు. ఒకడు దిగి పడిపోతాడు, వాణ్ని లాగుదామని తమ్ముడో బావమరిదో దిగుతాడు, వాడూ పడిపోతాడు, ఒక్కోసారి ఇంటి యజమాని కొడుకు కూడా. మీ నాన్నగారు గట్టున నిలబడి ఉంటారు కదా, ఎవరైనా పడిపోతే ఆయన చూస్తూ ఊరుకుంటారా, ఆలోచించండి.

చట్టం సంగతి కూడా ఆయనకి చెప్పండి, మన పెద్దవాళ్లకి ప్రాణం కంటే పోలీసు కేసు మాట ఎక్కువ పనిచేస్తుంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం, నేరుగా దింపినా ఇంకొకరి ద్వారా దింపినా సరే. కాంట్రాక్టరు ఒక్కడే కాదు, పనికి పెట్టుకున్న ఎవరైనా ఇందులోకి వస్తారు. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా దొరికే కేసు కాదు. ఇలాంటి పనిలో చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. సగం రేటు అని మురిసిపోయే ముందు ఈ లెక్క కూడా వేసుకోమనండి.

ఆ ఇద్దరి మీద నాకు కోపం ఏమీ లేదు. ఈ పనికి ఎవరు వస్తారో, ఏ పేట నుంచి వస్తారో, ఎందుకు వస్తారో మన ఊళ్లలో అందరికీ తెలుసు. వేరే పని ఉంటే చెప్పి చేయించుకోమనండి, మంచి కూలి ఇవ్వమనండి. ఈ పని మాత్రం వద్దు.

మరి దిగకపోతే పని అవదు అంటారే, అది నిజమా అని అడుగుతారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఇరవై ఏళ్లు తీయని ట్యాంకులో మూడు పొరలుంటాయి. పైన తెట్టు గట్టిగా చాపలా, మధ్యలో నీళ్లు, అడుగున మడ్డి. ఆ అడుగు మడ్డి ఇన్నేళ్లకి బంకమట్టిలా గడ్డకడుతుంది. ట్యాంకర్ వస్తుంది, పైపు వేస్తుంది, మధ్యలో నీళ్లు లాగేస్తుంది, అడుగున గట్టి మడ్డి అలాగే ఉండిపోతుంది. అప్పుడు డ్రైవరు "ఇది పైపుకి రాదండి, మనిషి దిగి తవ్వాలి, మా దగ్గర కుర్రాడున్నాడు" అంటాడు. అది అబద్ధం. ముందురోజే పైన మూత తీయించి పొడుగాటి గెడతో తెట్టు పొడిచి, నీళ్లు పట్టి నానబెట్టి, లాగేటప్పుడు గెడతో అడుగు కదుపుతూ, లేదా లాగిన నీళ్లనే కొంత మళ్లీ జోరుగా లోపలికి కొట్టి కదిపి లాగితే వస్తుంది. దానికి ఇంకో ట్రిప్పు పడుతుంది, ఇంకో గంట పడుతుంది. ఆ గంటా ఆ డీజిలూ మిగుల్చుకోవడానికే మనిషిని దింపుతారు, అంతకుమించి అందులో ఏమీ లేదు. అయినా రాకుండా అడుగున అరడుగు మడ్డి మిగిలిపోయిందనుకోండి, మిగలనివ్వండి. మూడేళ్ల తర్వాత మళ్లీ ఎటూ తీయించాలి కదా.

ట్యాంకర్ ఎవరిది పిలవాలి. కరెంటు స్తంభాల మీద, ప్రహరీ గోడల మీద "సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్" అని నంబర్లు రాసి ఉంటాయి చూడండి, వాళ్లందరూ చెడ్డవాళ్లని కాదు, మంచివాళ్లూ ఉన్నారు, కానీ ముందు పంచాయతీ కార్యదర్శినో, తెనాలి మున్సిపాలిటీలో శానిటేషన్ సెక్షన్‌నో అడగండి, వాళ్ల దగ్గర నమోదైన బండ్లు ఏవో చెప్తారు. పట్టణాల్లో అయితే 14420 అనే హెల్ప్‌లైన్ ఈ పనికోసమే పెట్టారు. మీ హైదరాబాద్ ఇంటికి ఎప్పుడైనా కావాలంటే జలమండలి 155313 కూడా పనికొస్తుంది. ఊళ్లో ఈ ఏడాది చేయించుకున్నవాళ్లు ఇద్దరిని అడిగితే రేటు కూడా తెలిసిపోతుంది. నేను ఇక్కడ ఒక అంకె రాస్తే రేపు మీరు డ్రైవరుతో దాని మీద వాదనకి దిగుతారు, మా గుంటూరు రేటు మీ సందుకి వర్తించదు, దూరం, బండి సైజు, పైపు పొడవు అన్నీ కలిసి రేటు. ఒకటే చూసుకోండి, రేటు ట్రిప్పుకా, మొత్తం పనికా అనేది ఫోన్లోనే తేల్చుకోవాలి.

ఫోన్లో "మనిషిని దింపుతారా?" అని అడగకండి, "లేదు సార్" అనే అంటాడు. ఇలా అడగండి, "ఇరవై ఏళ్ల నుంచి తీయలేదు బాబూ, అడుగున గట్టిపడి ఉంటే ఏం చేస్తావు?" అని. "ఏముందండీ, మనవాడు దిగి లాగేస్తాడు" అన్నాడా, ఫోన్ పెట్టేయండి. "నీళ్లు కొట్టి కదిపి రెండోసారి లాగాలండి, ట్రిప్పు పెరుగుద్ది" అన్నాడా, అతనికి పని తెలుసు, పెరిగిన ట్రిప్పుకి డబ్బు ఇవ్వండి. తర్వాత పైపు ఎన్ని అడుగులుందో అడగండి. మీ ట్యాంకు ఇంటి వెనక ఉందంటున్నారు కాబట్టి వీధి నుంచి కొలిపించి చెప్పండి, బండి వచ్చాక పైపు చాల్లేదని తిరిగిపోతే రానుపోను ఛార్జీ మీ నెత్తిన పడుతుంది. బండి ఎన్ని లీటర్లదో అడగండి.

చివరగా, తీసింది ఎక్కడ పోస్తావు అని అడగండి. ఇది చాలామంది అడగరు, మన గుమ్మం దాటితే మనకెందుకు అనుకుంటారు. మన వైపు ఎన్ని ట్యాంకర్లు రాత్రిపూట కాలవలోకో, మురుగు డొంకలోకో వదిలేసి పోతాయో నేను చెప్పక్కర్లేదు, ఆ కాలవ నీళ్లే ఊరి చెరువుకి పెడతారు. వరంగల్లో 2016లోనే కార్పొరేషన్ దీనికి నిబంధనలు తెచ్చి, తర్వాత ఆ మడ్డిని శుద్ధి చేసే ప్లాంటు పెట్టింది, ఆంధ్రలోనూ నర్సాపురం లాంటి చోట్ల వచ్చాయి. మీ దగ్గర్లో ఎక్కడుందో మున్సిపాలిటీ వాళ్లే చెప్తారు. అక్కడ పోస్తే దూరానికి నాలుగు డబ్బులు ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేయండి.

ట్రిప్పుల మోసానికి లెక్క సులువు. ట్యాంకు పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి, దాన్ని 28తో గుణిస్తే లీటర్లు. 8 అడుగుల పొడవు, 5 వెడల్పు, 5 లోతు నీళ్లు అయితే 200 ఘనపుటడుగులు, అంటే 5,600 లీటర్లు. 4,000 లీటర్ల బండికి రెండు ట్రిప్పులు, కదిపి లాగడానికి పట్టిన నీళ్లతో కలిపి మూడు. నాలుగోది అడిగితే మాత్రం మూత దగ్గర ఫోటో పెట్టమనండి.

ఇక్కడ మీ ఇంటికి మాత్రమే సంబంధించిన సంగతి ఒకటుంది, దీన్ని కొంచెం జాగ్రత్తగా చదవండి. మీది డెల్టా నేల. వానాకాలంలో నాలుగైదు అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. వానలప్పుడే బాత్‌రూమ్ దిగడం లేదంటే తప్పు ట్యాంకుది కాకపోవచ్చు, ట్యాంకులోంచి వచ్చే నీళ్లు భూమిలోకి ఇంకడానికి తవ్విన ఇంకుడు గుంత చుట్టూ నేల నానిపోయి నీళ్లు పీల్చుకోవడం మానేసి ఉండొచ్చు. అలా అయితే ట్యాంకు మొత్తం తోడించినా పది పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది, మీరు ట్యాంకరు అతను మోసం చేశాడనుకుంటారు. తేల్చుకోవడం ఎలాగంటే, ట్యాంకర్ లాగాక పదిహేను నిమిషాలు ఆగి, బయటికి పోయే గొట్టం వైపు టార్చి వేసి చూడమనండి, పైనుంచే, వంగి తల పెట్టకుండా. ఆ గొట్టంలోంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి వస్తున్నాయంటే జబ్బు ఇంకుడు గుంతది. రావడం లేదంటే ట్యాంకు నిండటమే కారణం. ఆ రెండు నిమిషాలు వీడియో తీసి పంపమనండి, తర్వాత పెట్టబోయే ఖర్చంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకొకటి. నేలలో నీళ్లు పైకి ఉన్న ఈ రోజుల్లో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించొద్దు. కింద నీటి ఒత్తిడికి ఇటుక గోడలు, అడుగు కాంక్రీటు పగుళ్లిస్తాయి, ఫైబరు ట్యాంకులైతే ఏకంగా నేలలోంచి పైకి లేస్తాయి. ఇప్పుడు మూడొంతుల్లో రెండొంతులు తీయించి గండం గడపండి. పూర్తిగా తీయించడం, మరమ్మతులు చేయించడం, పొలాల కాలవలకి నీళ్లు ఆపేశాక ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి.

తీసినప్పుడు చూడాల్సినవి, లోపలికి వచ్చే గొట్టానికి, బయటికి పోయే గొట్టానికి ఇంగ్లీషు T (టీ) ఆకారం గొట్టాలు ఉన్నాయా, మధ్య గోడ నిలిచి ఉందా. టీ లేకపోతే తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని మూసేస్తుంది, చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే, వందల్లో అయ్యే గొట్టం ముక్క పెట్టక ఇంకుడు గుంత కొత్తది తవ్వుకుంటారు. గాలి గొట్టానికి దోమతెర కట్టించండి. పాత మూతలు పగిలి ఉంటే మార్పించండి, అమ్మగారు తులసికోటకి నీళ్లు పోయడానికి ఆ పక్కనుంచే నడుస్తారేమో. షాపుల్లో అమ్మే పొడులు, "ఇది వేస్తే పదేళ్లు తీయక్కర్లేదు" అనేవి, కొనకండి. రెండు మూడేళ్లకోసారి తీయించడానికి ప్రత్యామ్నాయం లేదు. యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకి డబ్బాలు పోయడం తగ్గించమనండి, మడ్డిని తినే సూక్ష్మజీవులు వాటికి చచ్చిపోతాయి.

అసలు మీది సెప్టిక్ ట్యాంకేనా అనేది కూడా చూసుకోండి. మన వైపు నాలుగు సిమెంటు వరలు దింపి మీద మూత పెట్టి దాన్నే సెప్టిక్ ట్యాంకు అంటారు. దానికి అడుగు ఉండదు, అది గుంత, ట్యాంకు కాదు. అందులోది తిన్నగా భూమిలోకి, అక్కడి నుంచి బావిలోకి.

బావి దగ్గరకి వద్దాం. ముందు టేపు పట్టించండి. ట్యాంకు నుంచి కాదు, ఇంకుడు గుంత నుంచి బావికి ఎంత దూరం. మన దేశ ప్రమాణాల ప్రకారం ఇంకుడు గుంతకీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగులు ఉండాలి. పల్లెల్లో స్థలాలకి అంత ఎక్కడిది, ఇరవై పాతిక అడుగుల్లోనే అన్నీ ఉంటాయి. మీ గుంతే కాదు, ప్రహరీ అవతల పక్కింటివాళ్ల గుంత ఎక్కడుందో కూడా చూడమనండి. నేను ఒకచోట ఇంటివాళ్ల ట్యాంకంతా తిరగదోడించాక తెలిసింది, దోషి గోడ అవతల వాళ్ల వరల గుంత అని. ఆ రెండిళ్లకీ అప్పటికే పడదు, అది వేరే కథ.

వాసన వస్తోందంటే మురుగే కలిసిందని చెప్పలేం, బావి అడుగున ఆకులు, పూడిక కుళ్లినా అలాగే వస్తుంది. అందుకే నీళ్లు పరీక్ష చేయించండి, ఊహ మీద డబ్బు ఖర్చు పెట్టొద్దు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు ఉన్నాయి, మామూలు జనం కూడా తక్కువ ఫీజుతో ఇవ్వొచ్చు, అవి ఎక్కడున్నాయో గ్రామ సచివాలయంలో చెప్తారు. సీసా వాళ్ల దగ్గరే తీసుకోండి, కూల్‌డ్రింకు సీసా పనికిరాదు, నీళ్లు పట్టిన రోజే అందించాలి. రెండు అంకెలు చూడండి. ఈకోలి అనే, మలంలో ఉండే సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండూ ఎక్కువ వస్తే మురుగు కలుస్తున్నట్టే అనుకోండి. ఈకోలికి కాచుకుంటే సరిపోతుంది, నైట్రేటు కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకి నైట్రేటు నీళ్లు మంచివి కావు, మీ పాప సెలవులకి వెళ్లినప్పుడు పాలు కలపడానికి ఆ నీళ్లు వాడొద్దని చెప్పండి. ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకి నీళ్ల టిన్నులు తెప్పించుకోమనండి.

ఈలోగా బ్లీచింగ్ వేయొచ్చు. జనం గుప్పెళ్లు గుప్పెళ్లు పొడి తిన్నగా బావిలో చల్లుతారు, అది అడుక్కిపోయి సున్నంలా కూర్చుంటుంది. లెక్క ఇది. బావి వెడల్పు అడుగుల్లో, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 22తో గుణిస్తే లీటర్లు. 4 అడుగుల వర, 10 అడుగుల నీళ్లు అయితే 3,520 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ చొప్పున మీ బావికి 9 గ్రాములు, వానాకాలం కాబట్టి రెట్టింపు వేసినా నష్టం లేదు. బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటని ఇంకో బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ని తాడుతో బావిలోకి దింపి పైకీ కిందకీ ఆడించాలి. రాత్రి వేసి పొద్దున వాడుకోవచ్చు. ఎప్పుడో విప్పిన ప్యాకెట్టయితే అందులో క్లోరిన్ ఉండదు, కొత్తది తెప్పించండి. కానీ ట్యాంకు లీకు అవుతూ ఉంటే ఇదంతా పైపూతే.

బావి పూడిక తీయడానికి వేరే మనుషులు కావాలి, వరలు దింపే పని చేసేవాళ్లు. వేసవిలోనే పెట్టుకోండి. వీళ్లు దిగక తప్పదు, అందుకే ఈ పనికి మనిషిని ఎంచుకోవడంలో ఇంకా జాగ్రత్త కావాలి, నా సొంత తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక సైటులో పాత బావి పూడిక తీయిస్తున్నాను. నీళ్లు తోడడానికి డీజిల్ ఇంజను బావి లోపలి మెట్టు మీదకి దింపాం, అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లు. ఇంజను ఆపాక కుర్రాడు దిగబోతుంటే పెద్ద మేస్త్రి ఆపి, నడుముకి మోకు (లావు తాడు) కట్టుకుంటేనే దిగాలి అన్నాడు. టైం అయిపోతోందని నేను విసుక్కున్నాను కూడా. కుర్రాడు దిగి రెండు నిమిషాలు కాలేదు, "అన్నా, తల తిరుగుతోంది" అని కూర్చుండిపోయాడు. నలుగురం లాగాం. బతికాడు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అడుగున నిలిచిపోయింది, దానికి వాసన కూడా ఉండదు. మోకు లేకపోతే మాలో ఒకడు వాడి కోసం దిగేవాడు, బహుశా నేనే.

అప్పటినుంచి నా లెక్క ఇది. బావిలోకి ఇంజను దింపం, కరెంటు మోటారే, మనిషి దిగేముందు దాని ఫ్యూజు తీసి జేబులో పెట్టుకుంటాం. ముందురోజు రాత్రంతా బావి తెరిచి ఉంచి, పొద్దున ఆకుల కొమ్మ తాడుకి కట్టి పైకీ కిందకీ పదిసార్లు లాగి, వీలైతే బ్లోయరు పైపు అడుగుదాకా వేసి గాలి కొట్టిస్తాం. లాంతరు దింపి చూడడం పాత పద్ధతి, దీపం ఆరిపోతే దిగకూడదన్నది నిజమే, కానీ ఆరకపోతే క్షేమం అని మాత్రం కాదు, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది, పక్కనే ట్యాంకు ఉంటే దీపమే ప్రమాదం. దిగినవాడికి మోకు, పైన ఇద్దరు దాన్ని వదలకుండా. వాడు మాట్లాడడం మానేస్తే లాగేయాలి, ఎవరూ దిగకూడదు, ఫైరింజను వాళ్లకి, 101కి ఫోన్ చేయాలి. మీరు మాట్లాడే మేస్త్రి ఇవి తనంతట తనే చెప్తే పెట్టుకోండి. "ఎన్ని బావులు తీశామో సార్, ఏం కాదు" అంటే ఇంకొకరిని చూడండి.

ఇక బోరు అతని మాట, బావి పూడ్చేయమని. పూడ్చొద్దు. ఊళ్లో పాత బావులు ఇంటి చెత్తా, ఇటుక ముక్కలూ వేసి పూడుస్తారు, ఆ చెత్త నానిన నీళ్లే కదా మీ బోరులోకి వచ్చేది. పైగా కరెంటు పోయిన రోజు చేదేసుకోవడానికి ఆ బావే దిక్కు.

పరీక్షలో మురుగు అని తేలి, ఇంకుడు గుంత జరపడానికి స్థలం లేదంటే అప్పుడు బోరు ఆలోచించండి. మీ దగ్గర చేతి బోరే సరిపోతుంది, తెలంగాణలో, సీమలో రాళ్లల్లో దిగే పెద్ద రిగ్గు బళ్లు (తిరుచెంగోడు నుంచి వచ్చేవి) మీ ఇసక నేలకి అక్కర్లేదు. లోతు మీద ఆశ వద్దు. రేపల్లె, నిజాంపట్నం వైపు లోతుకి పోతే ఉప్పునీళ్లు తగులుతాయి. చుట్టుపక్కల నాలుగిళ్లల్లో ఎన్ని అడుగుల్లో మంచినీళ్లు పడ్డాయో అడిగితే, నీళ్లు ఎక్కడున్నాయో చెప్తానని అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయనకిచ్చే డబ్బు మిగులుతుంది. నేను వేయించిన బోర్లలో ఆయన చెప్పినచోట నీళ్లు పడ్డాయి, చెప్పనిచోటా పడ్డాయి, మన నేలలో ఎక్కడైనా పడతాయి మరి.

బోరు దింపే పాయింటుని ఇంకుడు గుంతలన్నిటికీ వీలైనంత దూరంగా పెట్టాలి. అందరూ ఎగ్గొట్టే పని ఒకటుంది, పైన మొదటి ఇరవై అడుగుల్లో గొట్టానికీ మట్టికీ మధ్య సందుని సిమెంటు పాలతో నింపడం, పైన చుట్టూ చప్టా పోయడం. ఇది చేయకపోతే పైన మురికి ఆ సందులోంచే జారి కిందకి పోతుంది, ఎంత లోతు వేసినా ఉపయోగం లేదు. బేరంలోనే ఈ మాట రాయించుకోండి. అడుగుల లెక్కకి దింపిన గొట్టాలు ఎన్నో, ఒక్కోటి ఎన్ని అడుగులో నాన్నగారు కాగితం మీద గీతలు పెట్టుకుంటే చాలు. పని అయ్యాక తాడుకి బరువు కట్టి దింపి సరిచూసుకోవచ్చు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకి అనుమతి సంగతి సచివాలయంలో కనుక్కోండి. బోరు ఫెయిలయితే ఆ గుంతని అదేరోజు మూయించాలి, బోల్టులతో మూత బిగించి, లేదా అడుగు నుంచి మట్టితో నింపించి. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప పడిపోయింది అలా వదిలేసిన బోరులోనే.

డబ్బు విషయం. మూడు పనులూ ఒకరికే గుత్తకి ఇవ్వకండి, "అన్నీ మేమే చూసుకుంటాం" అనేవాడు ఆ ముగ్గుర్నే పిలిచి మధ్యలో తినేవాడు. ట్యాంకరుకి పని అయ్యాక, వీడియో చూశాక ఫోన్‌పేలో వేయండి. బోరుకి సామాను డబ్బు ముందు, కూలి నీళ్లు తేటపడ్డాక. పని రోజు నాన్నగారి పక్కన ఎవరైనా వయసులో ఉన్నవాళ్లని ఉండమనండి, మీరు సెలవు పెట్టి వెళ్తే ఇంకా మంచిది. వచ్చినవాళ్లకి సబ్బూ, రెండు బకెట్ల నీళ్లూ, మనం తాగే గ్లాసుల్లోనే టీ ఇవ్వమని అమ్మగారికి చెప్పండి, ఆ మర్యాద దక్కినచోట పని కూడా మనసుపెట్టి చేస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, నాన్నగారి చేత మూడు కొలతలు తీయించండి. వీధి నుంచి ట్యాంకుకి, ఇంకుడు గుంత నుంచి బావికి, పక్కింటి గుంత నుంచి బావికి. మూతలు ఏవీ ఎత్తక్కర్లేదు, ఎత్తొద్దు కూడా. ఆ కొలతలు, పెరడు ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, ఇంకుడు గుంత ఎటు జరపొచ్చో, బోరు అసలు కావాలో వద్దో అప్పుడు చెప్తాను.